రసాయనశాస్త్రం, ఇన్ఫర్మేషన్ టెక్నాలజీలలో డబుల్ డిగ్రీ: విశాఖపట్నం విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్మీడియట్ పూర్తిచేసి డిగ్రీలో చేరబోతున్న విద్యార్థుల కోసం, ఇప్పటికే బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతూ కంప్యూటర్ చదువును కూడా జోడించుకోవాలనుకునేవారి కోసం, వారి తల్లిదండ్రుల కోసం ఈ సమాధానాలు రాశాను. రసాయనశాస్త్రం బోధించే వ్యక్తిగా నా దగ్గరకు పదేపదే వచ్చే ప్రశ్నలనే ఇక్కడ తీసుకున్నాను. నిబంధనలు ఏటా కొంత మారుతుంటాయి కాబట్టి ప్రవేశం తీసుకునే ముందు ఆ సంవత్సరపు నోటిఫికేషన్‌ను స్వయంగా చదువుకోవడం తప్పనిసరి.

డబుల్ డిగ్రీ, డ్యూయల్ డిగ్రీ, మేజర్–మైనర్ అనేవి ఒకటేనా?

ఒకటి కావు. డబుల్ డిగ్రీలో విద్యార్థి రెండు వేర్వేరు కోర్సుల్లో, చాలావరకు రెండు వేర్వేరు సంస్థల్లో చేరతాడు. ప్రవేశాలు రెండు, హాల్ టికెట్లు రెండు, చివరికి పట్టాలూ రెండు. డ్యూయల్ డిగ్రీని ఒకే సంస్థ ముందుగానే రూపొందించి, రెండు పట్టాలకు సరిపడే పాఠ్యక్రమాన్ని ఒకే కాలపట్టికలో అమర్చి ఇస్తుంది. మేజర్–మైనర్ పద్ధతిలో వచ్చే పట్టా ఒక్కటే. అందులో ప్రధాన విషయం కెమిస్ట్రీ అయితే, కంప్యూటర్ సైన్స్ వంటిది తోడుగా కొన్ని పేపర్ల మేరకు ఉంటుంది. ఈ మూడింటినీ కలిపి మాట్లాడే ప్రకటనలను చూసి ఫీజు కట్టకూడదు. చేతికి వచ్చేది ఎన్ని పట్టాలు, వాటిని ఇచ్చే విశ్వవిద్యాలయం ఏది అన్న రెండు ప్రశ్నలూ ముందే అడిగి తీరాలి.

ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి అనుమతి ఉందా?

ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం విద్యార్థి రెండు కోర్సులను ఒకేకాలంలో చదవవచ్చు. రెండింటినీ కళాశాలకు వెళ్లి చదివేటట్లయితే తరగతుల వేళలు ఒకదానిమీద ఒకటి పడకూడదు. ఒకటి కళాశాలలో, మరొకటి దూరవిద్యలో లేదా ఆన్‌లైన్‌లో చదవవచ్చు. రెండూ దూరవిద్యలోనే చదివినా అభ్యంతరం లేదు. పీహెచ్‌డీకి ఈ వెసులుబాటు వర్తించదు.

అయితే యూజీసీ అనుమతించినంత మాత్రాన ప్రతి విశ్వవిద్యాలయమూ అదే రోజున తన నియమాలను మార్చుకున్నట్టు కాదు. దీన్ని ఏ విధంగా అమలు చేయాలో నిర్ణయించుకునే బాధ్యత విశ్వవిద్యాలయాలకే ఉంది. కాబట్టి మీరు చదివే కళాశాల ప్రిన్సిపాల్‌కు రెండో కోర్సు సంగతి రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు సంతకం చేసిన నకలును దగ్గర ఉంచుకోవడం మంచిది. నోటిమాటగా ‘ఫరవాలేదు’ అన్నవారు మూడేళ్ల తర్వాత అదే కుర్చీలో ఉండకపోవచ్చు.

విశాఖపట్నంలోనే ఉంటూ ఈ రెండింటినీ చదవడానికి ఉన్న దారులు ఏమిటి?

మొదటిది, అందరికీ అందుబాటులో ఉన్నది: నగరంలోని డిగ్రీ కళాశాలలో బీఎస్సీ కెమిస్ట్రీ, దానికి తోడుగా దూరవిద్యలో బీసీఏ. రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ పద్ధతి ద్వారానే జరుగుతాయి. బీసీఏ కోసం ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, అందుబాటులో ఉంది. దానికి విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉన్నందువల్ల ధ్రువపత్రాల విషయంలో ఇబ్బంది వస్తే వెళ్లి ముఖాముఖి మాట్లాడే వీలు ఉంటుంది. ఈ సౌకర్యాన్ని చిన్నదిగా చూడకండి.

రెండోది ఐఐటీ మద్రాసు ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ బీఎస్ డిగ్రీ. దీనికి జేఈఈ అవసరం లేదు. నాలుగు వారాల పాఠాలు చదివి, అసైన్‌మెంట్లు పూర్తిచేసి, అర్హత పరీక్ష నెగ్గితే ఫౌండేషన్ స్థాయిలో చేరవచ్చు. ఆ తర్వాత డిప్లొమా, బీఎస్సీ, ఆపైన నాలుగేళ్ల బీఎస్ అని మెట్లు ఉన్నాయి. పూర్తి బీఎస్‌కు 142 క్రెడిట్లు కావాలి. పాఠాలు ఆన్‌లైన్‌లోనే అయినా క్విజ్‌లు, టర్మ్ చివరి పరీక్షలు కేంద్రానికి వెళ్లి రాయాలి. కుటుంబ ఆదాయాన్ని, సామాజిక వర్గాన్ని బట్టి ఫీజులో 75 శాతం వరకు రాయితీ ఉంది. అయినా సులభంగా దొరికే డిగ్రీ అనుకుని చేరవద్దు. ఇందులోని గణితం, గణాంకశాస్త్రం పేపర్లు గట్టివి.

మూడోది, ఊరు విడవడానికి సిద్ధపడేవారికి, బిట్స్ పిలానీ డ్యూయల్ డిగ్రీ. బిట్‌శాట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ఎంఎస్సీ కెమిస్ట్రీలో చేరి, మొదటి ఏడాది మార్కుల ఆధారంగా ఒక ఇంజినీరింగ్ శాఖను కూడా పొంది, ఐదేళ్లలో రెండు పట్టాలతో బయటకు రావచ్చు. హైదరాబాద్ ప్రాంగణంలోనూ ఈ ఏర్పాటు ఉంది. కంప్యూటర్ సైన్స్ శాఖకు పోటీ తీవ్రం. అది తప్పక వస్తుందన్న హామీతో ఎవరూ చేరలేరు. ఫీజు కూడా సామాన్య కుటుంబాలకు భారమే.

నాలుగోది, పట్టా ఒక్కటే అయినా చాలామందికి నిజంగా సరిపోయే దారి, కెమిస్ట్రీ మేజర్‌తో పాటు కంప్యూటర్ సైన్స్ లేదా డేటా సైన్స్ మైనర్. 2023–24 నుంచి రాష్ట్ర డిగ్రీ కళాశాలల్లో మేజర్–మైనర్ పద్ధతి వచ్చింది. ప్రతి కళాశాలలోనూ ఈ జత దొరకదు కాబట్టి ఐచ్ఛికాలు ఇచ్చే ముందే కళాశాలకు వెళ్లి కనుక్కోవాలి.

రెండింటిలో దేన్ని కళాశాలలో చదవాలి, దేన్ని దూరవిద్యలో చదవాలి?

ఈ ప్రశ్నకు నా సమాధానం ఎప్పుడూ ఒకటే: కెమిస్ట్రీని కళాశాలలోనే చదవండి, ఐటీని ఇంట్లో చదవండి. కారణం సూటిగా చెప్పవచ్చు. పైథాన్ ప్రోగ్రామ్ తప్పుగా రాస్తే కంప్యూటర్ తప్పు చూపుతుంది, దిద్దుకుంటారు; రాత్రి పదకొండు గంటలకైనా అది సాధ్యమే. టైట్రేషన్ అలా కాదు. బ్యూరెట్ నుంచి చుక్కచుక్కగా క్షారాన్ని వదులుతూ, ఫినాఫ్తలీన్ వేసిన ద్రావణం లేత గులాబీ రంగుకు తిరిగి, కుప్పెను తిప్పినా ఆ రంగు పోకుండా నిలిచిన క్షణాన్ని పట్టుకోవడం పక్కన అధ్యాపకుడు నిలబడి చూపిస్తేనే వస్తుంది. ముదురు గులాబీ వచ్చిందంటే అంత్యబిందువు దాటిపోయిందనీ, ఆ రీడింగును రికార్డులో రాయకూడదనీ చెప్పే మనిషి పక్కన ఉండాలి. కొలతలో నిజాయితీ అలవడేది అక్కడే, ఆ అలవాటు తర్వాత డేటా పనిలోనూ మిమ్మల్ని కాపాడుతుంది.

పైగా విశాఖకు రసాయనశాస్త్రంలో మంచి వారసత్వం ఉంది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి.ఆర్. శేషాద్రి 1930లలో రసాయనశాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్ది, మొక్కల్లోని ఫ్లేవనాయిడ్ల మీద వాల్తేరులోనే విస్తృతంగా పరిశోధన చేశారు. ఆ తర్వాతి తరాల అధ్యాపకులు ఈ ప్రాంతపు కళాశాలల నిండా ఉన్నారు. ప్రయోగశాల ఉన్న ఊళ్లో ఉండి కెమిస్ట్రీని తెర మీద చదవడం నష్టం.

అసలు ఈ రెండు శాస్త్రాలు కలిసేది ఎక్కడ? రెండు పట్టాలు ఉండడమే తప్ప వాటి మధ్య సంబంధం ఉందా?

ఉంది, అదీ గట్టిది. ఒక చిన్న ఉదాహరణతో మొదలుపెడతాను. ఈథైల్ ఆల్కహాల్‌లోనూ, డైమిథైల్ ఈథర్‌లోనూ ఉన్నవి రెండు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. అణుసూత్రం ఒకటే. అయినా మొదటిది సుమారు 78 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే ద్రవం, రెండోది సున్నాకు 24 డిగ్రీల దిగువనే మరిగిపోయే వాయువు. ఈ తేడాను కంప్యూటర్‌కు ఎలా చెప్పాలి? 1980లలో డేవిడ్ వైనింగర్ రూపొందించిన స్మైల్స్ అనే రాతపద్ధతిలో ఆల్కహాల్‌ను ‘సీ సీ ఓ’ అనీ, ఈథర్‌ను ‘సీ ఓ సీ’ అనీ రాస్తారు. పరమాణువులను అవి కలిసి ఉన్న వరుసలోనే పేర్చడం అన్నమాట. హైడ్రోజన్లను రాయనక్కర్లేదు, కార్బన్ సంయోజకత నాలుగు అన్న నియమం నుంచి ప్రోగ్రామే వాటిని లెక్కగట్టుకుంటుంది. ఇంటర్‌లో నేర్చుకున్న సంయోజకత నియమం ఇక్కడ ఒక అల్గారిథమ్‌గా మారింది. 2004లో మొదలైన పబ్‌కెమ్ వంటి ఉచిత భాండాగారాల్లో కోట్లాది సంయోగపదార్థాలను వెతికేది ఇటువంటి రాతల సాయంతోనే. ఆర్‌డీకిట్ అనే ఉచిత పైథాన్ లైబ్రరీని వ్యవస్థాపించుకుంటే డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థి కూడా తన ల్యాప్‌టాప్‌లో ఇదంతా చేసి చూడవచ్చు.

పరిశోధన స్థాయిలో ఈ కలయికకు నోబెల్ కమిటీ గుర్తింపు మూడుసార్లు స్పష్టంగా కనిపిస్తుంది. 1998లో వాల్టర్ కోన్, జాన్ పోపుల్‌లకు, 2013లో మార్టిన్ కార్‌ప్లస్, మైకేల్ లెవిట్, ఆరియే వార్షెల్‌లకు, 2024లో డేవిడ్ బేకర్, డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు వచ్చిన రసాయనశాస్త్ర బహుమతులు కంప్యూటర్ గణన మీద ఆధారపడిన పనికే. 2024 నాటి ముగ్గురిలో హసాబిస్ చదువు కంప్యూటర్ సైన్స్ నుంచి మొదలైంది.

ఇక మన ఊరి సంగతి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారపు ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి కమ్ముకుని పన్నెండుమంది చనిపోయారు. స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా, అంటే చిన్న అణువులు గొలుసుగా కలిసిన పదార్థంగా, మారగల ద్రవం. అలా మారేటప్పుడు వేడి విడుదలవుతుంది, ఆ వేడి చర్యను మరింత వేగవంతం చేస్తుంది. దాన్ని ఆపడానికి టెర్షియరీ బ్యూటైల్ కాటెకాల్ అనే నిరోధకాన్ని కలుపుతారు. ద్రవంలో కరిగిన ఆక్సిజన్ ఉంటేనే అది పనిచేస్తుంది. ట్యాంకు అడుగున తప్ప పై పొరల్లో ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు లేదన్నది ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి. రిజిస్టరులోకి ఎక్కిన అంకె ఏ లోతులో తీసినది, ఆ లోతు రసాయనికంగా ఏం చెబుతుంది, ఏం చెప్పదు అని అడగాలంటే పాలిమరీకరణం తెలియాలి. ఎన్ని సెన్సర్లు ఎక్కడ పెట్టి, ఎంతసేపటికి ఒకసారి నమోదు చేసి, ఏ హద్దు దాటితే హెచ్చరిక మోగాలో రూపొందించాలంటే డేటా వ్యవస్థలు తెలియాలి. ఆ రెండు ప్రశ్నలనూ అడగగల మనుషులు ఈ నగరంలో ఇంకా ఎక్కువమంది ఉండాలన్నదే ఈ చదువును నేను ఇంతగా సమర్థించడానికి అసలు కారణం.

విశాఖ చుట్టుపక్కల ఇటువంటి చదువుకు ఉద్యోగాలు ఉన్నాయా?

పరవాడ ఫార్మా సిటీ, నక్కపల్లి, భీమునిపట్నం వైపు మందుల తయారీ సంస్థలు, రిఫైనరీ, ఉక్కు కర్మాగారం, ఎరువుల పరిశ్రమ, పెదగంట్యాడ దగ్గరి మెడ్‌టెక్ జోన్ ఉండగా, మరో పక్క రుషికొండ, మధురవాడ ఐటీ కార్యాలయాలు ఉన్నాయి. రెండు చదువులూ కలిసివచ్చే చోటు ఎక్కువగా మొదటి వర్గంలోనే ఉంది.

ఫార్మా నాణ్యతా విభాగాన్నే చూడండి. మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం గీసి ఇచ్చే క్రొమటోగ్రామ్ అనే రేఖాపటంలో ప్రతి పదార్థానికీ ఒక శిఖరం వస్తుంది. ఆ శిఖరం కింది వైశాల్యాన్ని బట్టే మలినం ఎంత ఉందో తేలుతుంది. శిఖరం అడుగు గీతను కొంచెం పైకి జరిపితే మలినం శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే ఎవరు, ఎప్పుడు, ఏ గీతను, ఎందుకు మార్చారో సాఫ్ట్‌వేరు చెరపడానికి వీలులేకుండా నమోదు చేయాలి. దాన్నే ఆడిట్ ట్రెయిల్ అంటారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎలక్ట్రానిక్ రికార్డుల మీద 1997లో తెచ్చిన ‘పార్ట్ 11’ నిబంధనలను అక్కడికి ఎగుమతి చేసే సంస్థలు పాటించాలి. కంప్యూటర్ సిస్టమ్ వ్యాలిడేషన్, ప్రయోగశాల సమాచారాన్ని నిర్వహించే లిమ్స్, డేటా సమగ్రత తనిఖీ వంటి పనులు ఇలా పుట్టినవే. ఈ పనుల్లో కెమిస్ట్రీ మాత్రమే తెలిసినవారు సాఫ్ట్‌వేరు దగ్గర, సాఫ్ట్‌వేరు మాత్రమే తెలిసినవారు శిఖరం దగ్గర తడబడతారు.

నిజం కూడా చెప్పాలి. మొదటి ఉద్యోగ ప్రకటనలో ‘కెమిస్ట్రీ, ఐటీ రెండూ ఉన్నవారు కావలెను’ అని రాసి ఉండదు. ఎక్కువమంది క్వాలిటీ కంట్రోల్‌లో మామూలు విశ్లేషకులుగానే చేరతారు. రెండో చదువు విలువ ఒకటి రెండేళ్ల తర్వాత, విభాగంలో కొత్త సాఫ్ట్‌వేరు వచ్చినప్పుడో, విదేశీ తనిఖీ దగ్గరపడినప్పుడో బయటపడుతుంది. షిఫ్టు పనికి, లాంగ్ బస్సు ప్రయాణానికి ఇష్టపడనివారు ఈ సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నేను బైపీసీ విద్యార్థిని. గణితం లేకుండా ఐటీ చదవగలనా?

ప్రవేశం వరకు దారి ఉంది. ఐఐటీ మద్రాసు కోర్సుకు పదో తరగతిలో గణితం, ఇంగ్లీషు చదివి, ఇంటర్ ఏ గ్రూపుతో పూర్తిచేసినా అర్హత ఉంటుంది. చదువు వరకు మాత్రం గణితాన్ని తప్పించుకోలేరు. ఆ మాటకొస్తే కెమిస్ట్రీలోనూ తప్పించుకోలేరు: చర్యావేగ సమీకరణాలకు సమాకలనం, ఉష్ణగతికశాస్త్రానికి పాక్షిక అవకలనం, క్వాంటం రసాయనశాస్త్రానికి మాత్రికలు కావాలి. డిగ్రీలో చేరే ముందు దొరికే వేసవిలో ఇంటర్ గణితంలోని అవకలనం, సమాకలనం, మాత్రికలు, సంభావ్యత అధ్యాయాలను తెలుగు అకాడమీ పుస్తకాలతోనే చదివితే రెండు డిగ్రీలకూ ఒకేసారి పునాది పడుతుంది. తర్వాత ఎంసీఏ చేయాలనుకునేవారు గణితం విషయంలో ఉన్న అర్హత నిబంధనను ఇప్పుడే చూసుకోవాలి.

తెలుగు మాధ్యమంలో చదివాను. ఇబ్బంది అవుతుందా?

మొదటి సెమిస్టరులో అవుతుంది, తర్వాత తగ్గుతుంది. భావాన్ని తెలుగులో అర్థం చేసుకుని, జవాబును ఇంగ్లీషులో రాసే అలవాటు చేసుకోండి. ప్రోగ్రామింగ్‌లో వాడే ఇంగ్లీషు మాటలు చాలా తక్కువ. దోష సందేశాలను కంగారుపడకుండా చివరి పంక్తి నుంచి చదవడం వస్తే సగం భయం పోతుంది.

రెండింటికీ సమయం ఎలా సరిపోతుంది? ‘రెండు పడవల మీద కాళ్లు’ అని ఇంట్లో అంటున్నారు.

ఇంట్లోవారి ఆందోళనలో న్యాయం ఉంది, దాన్ని తీసిపారేయకండి. బీఎస్సీలో ఉదయం థియరీ తరగతులు, వారంలో కొన్ని మధ్యాహ్నాలు మూడు గంటల ప్రాక్టికల్స్, రాత్రి రికార్డు రాయడం ఉంటాయి. 75 శాతం హాజరు ఉండాలి. గాజువాక నుంచి మద్దిలపాలెం వరకు రోజూ బస్సులో తిరిగే విద్యార్థికి మిగిలే సమయం కొద్దిగానే ఉంటుంది. ఐఐటీ మద్రాసు కోర్సులో ఒక్కో సబ్జెక్టుకు వారానికి దాదాపు పది గంటలు పడుతుందని ఆ సంస్థే చెబుతోంది. అందువల్ల టర్ముకు నాలుగు సబ్జెక్టులు తీసుకోవడం దుస్సాహసం. ఒకటితో మొదలుపెట్టి, కుదిరితే రెండుకు పెంచండి. ఆలస్యంగా పూర్తయినా నష్టం లేదు. ఇగ్నో బీసీఏకు కూడా కనీస కాలం మూడేళ్లయితే గరిష్ఠంగా ఆరేళ్ల వరకు గడువు ఉంది.

పరీక్షల తేదీలే అసలు చిక్కు. ఇగ్నో టర్మ్ పరీక్షలు జూన్, డిసెంబరులలో జరుగుతాయి. కళాశాల సెమిస్టరు పరీక్షలు వాయిదాపడితే అదే రోజుల మీదికి రావచ్చు. అటువంటప్పుడు కళాశాల పరీక్షనే రాయండి. దూరవిద్య పేపరును ఆరు నెలల తర్వాత రాయవచ్చు, ప్రాక్టికల్ పరీక్ష పోతే తిరిగి పట్టుకోవడం కష్టం.

ఫీజు రీయింబర్స్‌మెంట్, టీసీ, ఇతర పత్రాల సంగతి ఏమిటి?

ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ కళాశాలలో చదివే కోర్సుకే ఆశించాలి. దూరవిద్య కోర్సుకు వర్తించదు. రెండో కోర్సు ఖర్చును కుటుంబం భరించగలదా అన్నది ముందే తేల్చుకోవాలి. ఒరిజినల్ టీసీ కళాశాల దగ్గరే ఉండిపోతుంది కాబట్టి ఇచ్చే ముందు అన్ని పత్రాలనూ స్కాన్ చేసి, డిజిలాకర్‌లోనూ చూసుకోండి. దూరవిద్య, ఆన్‌లైన్ ప్రవేశాలకు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీతో పాటు యూజీసీ దూరవిద్యా విభాగమైన ‘డెబ్’ ఐడీ కూడా కావాలి. ఆ కోర్సును ఆ సంవత్సరానికి ఈ విభాగం గుర్తించిందో లేదో దాని వెబ్‌సైటులోనే సరిచూడండి. ఏజెంటు చూపిన కాగితాన్ని నమ్మవద్దు. దూరవిద్యలో బీటెక్ ఇస్తామని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి.

మొదట ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలి?

పైథాన్, ఆ వెంటనే డేటాబేస్‌ల నుంచి సమాచారాన్ని రాబట్టే ఎస్‌క్యూఎల్. మిగతావి అవసరం వచ్చినప్పుడు. ఖరీదైన ల్యాప్‌టాప్ కూడా మొదటి రెండేళ్లు అవసరం లేదు. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న పాతదైనా సరిపోతుంది.

ఈ రెండింటి తర్వాత పీజీ దేనిలో చేయాలి?

ప్రయోగశాల పని ఇష్టమైతే ఎంఎస్సీ కెమిస్ట్రీ. దానికి రాష్ట్రంలో పీజీసెట్, ఐఐటీల వంటి సంస్థలకు జామ్ అనే ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. ఐటీవైపే మనసు పోతే ఐసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా ఎంసీఏ. 2024 నుంచి గేట్‌లో డేటా సైన్స్, కృత్రిమ మేధ పేపరు కూడా వచ్చింది. గణన రసాయనశాస్త్రంలో పరిశోధన చేయదలచినవారికి నా సలహా ఎంఎస్సీ కెమిస్ట్రీయే. ప్రోగ్రామింగ్‌ను సొంతంగా పెంచుకున్నవారు చాలామంది కనిపిస్తారు, క్వాంటం యాంత్రికశాస్త్రాన్ని సొంతంగా లోతుగా నేర్చుకున్నవారు అరుదు.

మధ్యలో ఒకటి మానేయాల్సి వస్తే?

ఐఐటీ మద్రాసు కోర్సులో ఫౌండేషన్, డిప్లొమా స్థాయిల దగ్గరే ఆగి ఆ మేరకు ధ్రువపత్రం తీసుకోవచ్చు. కళాశాల డిగ్రీని మాత్రం సగంలో వదలవద్దు. రెండూ కుంటుతున్నాయనిపిస్తే ఒక సెమిస్టరు పాటు రెండోదాన్ని పక్కన పెట్టి, మొదటిదాన్ని నిలబెట్టుకోండి.

రెండు కోర్సుల్లోనూ ఒకే ఏడాది చేరాలా?

అక్కర్లేదు, చేరకపోవడమే నాకు నచ్చుతుంది. బీఎస్సీ మొదటి సెమిస్టరు ఫలితాలు వచ్చేదాకా ఆగండి. ప్రాక్టికల్స్, రికార్డులు, ప్రయాణం అన్నీ పోగా వారంలో నిజంగా ఎన్ని గంటలు మిగులుతున్నాయో అప్పటికి తెలుస్తుంది. ఇగ్నోలో జనవరి, జూలై ప్రవేశాలు ఉన్నాయి; ఐఐటీ మద్రాసు కోర్సు టర్ములు జనవరి, మే, సెప్టెంబరులలో మొదలవుతాయి. మొదటి సెమిస్టరులో అన్ని పేపర్లూ పాసై, రికార్డులన్నీ సకాలంలో సంతకం చేయించుకున్నవారు జనవరి లేదా మే ప్రవేశానికి దరఖాస్తు చేసుకోవచ్చు; బ్యాక్‌లాగ్ ఉన్నవారు ముందు దాన్ని తీర్చుకుని, ఆ తర్వాతి ప్రవేశానికి దరఖాస్తు చేసుకోవాలి.